ఏ క్రాస్‌బో తీసుకోవాలి? ఆయుధాల పట్టికలో ఒక గడికి వ్యాఖ్యానం

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్, 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో క్రాస్‌బోలు మూడే: లైట్, హ్యాండ్, హెవీ. కొత్తగా క్యారెక్టర్ రాసుకునేవాళ్ల చూపు నేరుగా డ్యామేజ్ మీదికే పోతుంది. హెవీకి డీ10, లైట్‌కి డీ8, హ్యాండ్‌కి డీ6. పెద్ద పాచిక ఏదో చూసుకుని అదే రాసేసుకుంటారు. నన్నడిగితే పాచికను చివర చూడాలి. ఏ ఆయుధం ఎవరికి పనికొస్తుందో తేల్చేది ఆ వరుస చివరన, ప్రాపర్టీస్ గడిలో ఉన్న నాలుగైదు మాటలు.

లోడింగ్: అన్నిటికంటే ముందు చదవాల్సింది ఇదే. ఒక యాక్షన్‌కి గానీ, బోనస్ యాక్షన్‌కి గానీ, రియాక్షన్‌కి గానీ ఈ ఆయుధం నుంచి వెళ్లేది ఒక్క బోల్టే. క్యారెక్టర్‌కి ఎన్ని అటాక్‌లున్నా అంతే. మొదటి నాలుగు లెవెళ్లలో ఈ షరతు ఉన్నట్టే తెలియదు. అయిదో లెవెల్లో ఫైటర్‌కి ఎక్స్‌ట్రా అటాక్ వచ్చిన రోజు తెలుస్తుంది. డెక్స్‌టెరిటీ 18 ఉందనుకుందాం, అంటే +4. లాంగ్‌బోకి డీ8 సగటు 4.5, నాలుగు కలిపితే 8.5, రెండు బాణాలూ తగిలితే 17. హెవీ క్రాస్‌బోకి సగటు 5.5, నాలుగు కలిపితే 9.5, ఇక ఆ టర్నుకి అక్కడితో సరి. ధర చూస్తే రెండూ 50 బంగారు నాణేలే. బరువు చూస్తే లాంగ్‌బో 2 పౌండ్లు, ఇది 18.

రోగ్‌కి మాత్రం లోడింగ్ అడ్డే కాదు. అతనికి ఎక్స్‌ట్రా అటాక్ రాదు, స్నీక్ అటాక్ టర్నుకి ఒక్కసారే. కాబట్టి మొదట్లో ఇచ్చే షార్ట్‌బో బదులు లైట్ క్రాస్‌బో పట్టుకుంటే తగిలిన ప్రతిసారీ సగటున ఒక పాయింట్ లాభం. రెండూ సింపుల్ ఆయుధాలే, రెండూ 25 నాణేలే, రేంజ్ కూడా ఒకటే. మొదటి సెషన్‌లోనే మార్చుకుంటానంటే కాదనే డీఎమ్ అరుదు.

సింపుల్, మార్షల్: లైట్ క్రాస్‌బో సింపుల్, తక్కిన రెండూ మార్షల్. విజార్డ్‌కి వచ్చిన అయిదారు ఆయుధాల్లో లైట్ క్రాస్‌బో ఒకటి. ఫైర్ బోల్ట్ మంత్రం ఉండగా అదెందుకంటారు. ఒకటో లెవెల్లో ఫైర్ బోల్ట్ డ్యామేజ్ డీ10, సగటు 5.5, దానికి కలిపేదేమీ లేదు. డెక్స్‌టెరిటీ 14 ఉన్న విజార్డ్ క్రాస్‌బోతో కొడితే 6.5. అయిదో లెవెల్లో మంత్రం రెండు డీ10లు అవుతుంది, అక్కడితో క్రాస్‌బో పని అయిపోతుంది. ఆ తర్వాత కూడా ఎవరైనా సైలెన్స్ వేసి నోరు కట్టేసినప్పుడు పనికొస్తుంది, పారేయకండి.

అమ్యునిషన్: ఇరవై బోల్టులు ఒక నాణెం. పోరు ముగిశాక ఒక నిమిషం వెతికితే వాడినవాటిలో సగం దొరుకుతాయి. ఈ లెక్క చాలా టేబుళ్లలో ఎవరూ రాయరు, నేనూ రాయను. అసలు చిక్కు వేరే ఉంది: ఒంటిచేతి ఆయుధంలో బోల్టు పెట్టడానికి రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి. ఒక చేత డాలు, ఇంకో చేత హ్యాండ్ క్రాస్‌బో అన్న ముచ్చట అక్కడే ఆగిపోతుంది. చెరో చేత ఒక్కో హ్యాండ్ క్రాస్‌బో పట్టుకున్న హీరో కూడా కవర్ బొమ్మకే బాగుంటాడు.

రేంజ్: లైట్‌కి 80/320 అడుగులు, హెవీకి 100/400, హ్యాండ్‌కి 30/120. మొదటి అంకె దాటితే డిస్అడ్వాంటేజ్. ముప్పై అడుగులంటే మామూలు మనిషి ఒక టర్నులో నడిచే దూరం. హ్యాండ్ క్రాస్‌బోతో మీరు కొట్టగలిగే శత్రువు మరుక్షణం మీ మీదికి రాగలడు.

హెవీ: హాఫ్లింగ్, నోమ్ వంటి చిన్న జాతులకు డిస్అడ్వాంటేజ్. వాళ్లు దీని జోలికి పోవద్దు.

క్రాస్‌బో ఎక్స్‌పర్ట్: ఇది గడిలో ఉండదు, ఫీట్లలో ఉంటుంది. అయినా గడిలోని లోడింగ్‌ని కొట్టేసేది ఇదే. శత్రువు పక్కనే నిలబడినా డిస్అడ్వాంటేజ్ లేకుండా చేస్తుంది. ఒంటిచేతి ఆయుధంతో అటాక్ చేసినవాడు బోనస్ యాక్షన్‌తో హ్యాండ్ క్రాస్‌బోని ఇంకోసారి పేల్చొచ్చు. ఆ ఒంటిచేతి ఆయుధం అదే హ్యాండ్ క్రాస్‌బో అయినా పర్వాలేదు. ఇదేమీ ఉచితం కాదు. నాలుగో లెవెల్లో ఫీట్ తీసుకుంటే డెక్స్‌టెరిటీ 16 దగ్గరే ఉండిపోతుంది, గురి ఒక పాయింట్ తగ్గుతుంది. ఇందాకటి ఫైటర్‌నే మళ్లీ చూడండి. హెవీ క్రాస్‌బోతో రెండు దెబ్బలు, ఒక్కోటి 8.5, వెరసి 17. లాంగ్‌బోవాడికి ఫీట్ లేకుండానే వచ్చిన అంకె అది! అదే హ్యాండ్ క్రాస్‌బోతో అయితే మూడు దెబ్బలు, ఒక్కోటి 6.5, మొత్తం 19.5. అన్నిటికంటే చిన్న పాచిక ఉన్న ఆయుధమే ముందుకొచ్చింది. ఆ పైన షార్ప్‌షూటర్ ఫీట్ కూడా తీసుకుని, గురిలో 5 వదులుకుని డ్యామేజ్‌కి 10 కలుపుకుంటే, ఆ పది మూడుసార్లు పడే అవకాశం. ఉక్కు విల్లున్న నిజం క్రాస్‌బోని మరచక్రం తిప్పి బిగించాల్సి వచ్చేది. ఆరు సెకన్ల రౌండులో రెండు బోల్టులంటే మధ్యయుగపు సైనికుడు నవ్విపోతాడు. టేబుల్ దగ్గర ఆ వాదన ఎత్తకండి, ఆట ఆగిపోతుంది.

మాస్టరీ: 2024 హ్యాండ్‌బుక్‌లో కొత్తగా చేరిన మాట. లైట్‌కి స్లో, తగిలినవాడి వేగం 10 అడుగులు తగ్గుతుంది. హెవీకి పుష్, 10 అడుగులు వెనక్కి నెడుతుంది. హ్యాండ్‌కి వెక్స్, తగిలిన శత్రువు మీద మీ తర్వాతి అటాక్‌కి అడ్వాంటేజ్ ఇస్తుంది. అడ్వాంటేజ్ దొరికిందంటే రోగ్‌కి స్నీక్ అటాక్ దొరికినట్టే. షార్ట్‌బోకీ వెక్సే ఉంది. కాబట్టి 2014 పుస్తకంతో ఆడేవాళ్లకు పైన చెప్పిన మార్పిడి 2024తో ఆడేవాళ్లకు చెల్లదు. వాళ్ల రోగ్ ఇచ్చిన షార్ట్‌బోనే ఉంచుకోవాలి, లేదా 75 నాణేలు కూడబెట్టి హ్యాండ్ క్రాస్‌బో కొనుక్కోవాలి.