టైపు మిషను ముందు నుండి ట్రోఫీ వరకు: ఎడ్మంటన్ గ్రాడ్స్ చరిత్ర

ఈ శతజయంతి సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదక వర్గం వారు కోరినప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను. ఏ దేవాలయపు పునాదిరాయిని గురించో, ఏ మిషనరీ దొరగారిని గురించో వ్రాస్తానని వారు తలంచి ఉంటారు. అయితే నేను ఎంచుకున్నది ఒక ఆటల పోటీ. అదియు మన దేశములో జరిగినది కాదు. కెనడా దేశములో, మంచు కురిసే ఎడ్మంటన్ పట్టణములో, ఆడవారి బాస్కెట్‌బాల్ క్లబ్బుల మధ్య జరిగిన పోటీ. సంఘ చరిత్రకు దీనికి సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. దయచేసి కొంచెం ఓపికతో చివరివరకు చదవవలసిందిగా మనవి.

మిషను కాంపౌండులలో పెరిగిన నావంటి వారికి బాస్కెట్‌బాల్ కొత్త కాదు. బాలికల హైస్కూలు ఆవరణలో చింతచెట్ల వెనుక రెండు ఇనుప స్తంభాలు, వాటికి వల ఊడిపోయిన రెండు ఇనుప వలయాలు ఉండేవి. సాయంకాలం బడి గంట కొట్టగానే ఆడపిల్లలు జడలు పైకి ముడిచి కట్టుకొని బంతి తట్టుకుంటూ పరుగెత్తేవారు. గోడ మీద కూర్చున్న మగపిల్లలం అది ఆడవారి ఆట అనుకొని నవ్వేవాళ్లం. వేదాంత కళాశాలలో చదివే రోజుల్లో గ్రంథాలయములో ఒక పాత పుస్తకం తిరగవేస్తుండగా, ఆ ఆటను కనిపెట్టినవాడు నావలెనే వేదాంతం చదివినవాడని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. 1861లో కెనడాలో జన్మించాడు. మాంట్రియల్ పట్టణములోని ప్రెస్బిటేరియన్ కాలేజీలో 1890లో వేదాంత విద్య ముగించాడు. బోధపీఠం మీదనే కాదు, ఆటస్థలములో కూడ మనిషి స్వభావాన్ని తీర్చిదిద్దవచ్చునని నమ్మి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో ఉన్న వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలకు వెళ్లాడు. 1891 డిసెంబరు చలిలో బయట ఆడుటకు వీలులేక విసిగిపోయిన విద్యార్థులకు, నాలుగు గోడల మధ్య ఆడుకొనే ఆట ఒకటి కావలసివచ్చింది. ఆయన పీచ్ పండ్ల బుట్టలు రెండు తెప్పించి గోడలకు ఎత్తుగా కొట్టించి, 13 నియమాలు వ్రాసి, ఆట మొదలుపెట్టించాడు. బంతి పట్టుకొని పరుగెత్తకూడదు, ఎదుటివాని మీద పడకూడదు అన్నవి ఆ నియమాలలో ముఖ్యమైనవి. బలము గలవాడు బలము లేనివానిని తొక్కివేయకుండ అడ్డుకొనే ఆట కావాలని ఆయన కోరిక.

మగవారి కొరకు పుట్టిన ఈ ఆటను ఆడవారు అందిపుచ్చుకొనుటకు ఎంతోకాలం పట్టలేదు. దగ్గరలోని ఒక పాఠశాల ఉపాధ్యాయినులు ఆ కోలాహలం విని లోపలికి వచ్చి, మాకును నేర్పమని నైస్మిత్‌ను అడిగారు. ఆయన కాదనలేదు. ఆ ఆడవారిలో ఒకామె తరువాత ఆయనకు భార్య అయినది. 1893 మార్చిలో స్మిత్ కాలేజీ అనే స్త్రీల కళాశాలలో సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని తన విద్యార్థినుల చేత పోటీ ఆడించింది. ఆ పోటీ చూచుటకు మగవారిని రానివ్వలేదు. ఆడవారు అలసిపోతారేమో, మర్యాద తప్పుతారేమో అన్న భయంతో కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగములో వారే ఆడాలని ఆమె నియమం పెట్టింది. ఆ గీతలు దాటి ఆడుటకు ఆడవారికి మరికొంత కాలం పట్టింది.

ఇక ఎడ్మంటన్ సంగతికి వద్దాము. కెనడా పడమటి భాగములో, 1921 జనాభా లెక్క ప్రకారం అరవై వేలకు లోపు జనమున్న పట్టణమది. అక్కడి మెక్‌డూగల్ కమర్షియల్ హైస్కూలులో ఆడపిల్లలకు టైపు, షార్ట్‌హ్యాండు, లెక్కల పుస్తకాలు వ్రాయుట నేర్పేవారు. మన పట్టణాలలో ఇటీవలి వరకు వీధివీధిన టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉండి, లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసై ఎందరో ఆడపిల్లలు ఉద్యోగాలు సంపాదించుకొన్న సంగతి పెద్దలకు జ్ఞాపకమే. ఆ బడిలో పనిచేసే పెర్సీ పేజ్ అనే ఉపాధ్యాయుడు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టును తయారుచేశాడు. 1915లో బడి చదువు ముగిసిన పిల్లలు, ఇక ఆట మానవలసిందేనా అని దిగులుపడి, పాత విద్యార్థినుల క్లబ్బుగా ఏర్పడ్డారు. కమర్షియల్ గ్రాడ్యుయేట్స్ అన్న పేరు వాడుకలో ‘గ్రాడ్స్’ అయినది.

1922లో ఈ జట్టు దేశమంతా రైలులో దాటి, ఒంటారియో రాష్ట్రములోని లండన్ అనే పట్టణానికి వెళ్లి, అక్కడి షామ్‌రాక్స్ జట్టుతో రెండు ఆటలు ఆడింది. ఒకటి మగవారి నియమాలతో, ఒకటి ఆడవారి నియమాలతో. రెండవది ఓడిపోయినను, రెండింటి మొత్తం పాయింట్ల మీద గెలిచి దేశ విజేత అయినది.

మరుసటి సంవత్సరం, 1923లో, అండర్‌వుడ్ అనే టైపు మిషన్ల కంపెనీ వారు అంతర్జాతీయ పోటీకి ఒక ట్రోఫీని బహూకరించారు. పగలంతా టైపు మిషను కొట్టే ఆడపిల్లలు, సాయంకాలం టైపు మిషన్ల కంపెనీ వారి ట్రోఫీ కొరకు పోరాడుట చిత్రమైన సంగతి గదా! అమెరికాలోని క్లీవ్‌లాండ్ నుండి ఫేవరెట్ నిట్స్ అనే జట్టు, తామే ప్రపంచ విజేతలమని చెప్పుకుంటూ ఎడ్మంటన్ వచ్చింది. పశువుల ప్రదర్శనల కొరకు కట్టిన పెద్ద భవనములో పోటీ జరిగినది. మొదటి ఆట 34–20, రెండవ ఆట 19–13. రెండూ గ్రాడ్స్ గెలిచారు. ఆ దినము వారి చేతికి వచ్చిన ట్రోఫీ మరి చేయి దాటలేదు. ఎవరు సవాలు చేసినను వారితో ఆడి, 1940 వరకు దానిని నిలుపుకొన్నారు. చివరకు ట్రోఫీని శాశ్వతముగా వారికే ఇచ్చివేశారు.

వారి 25 ఏండ్ల లెక్క చూడండి. 522 ఆటలలో 502 గెలుపులు అని రికార్డులలో చెప్పుకుంటారు. ఇన్ని ఏండ్లలో ఆ జట్టులో ఆడినవారు 38 మంది మాత్రమే. ఒకరిద్దరు తప్ప అందరూ ఆ ఒక్క బడిలో చదివినవారే. ఎక్కడెక్కడి గొప్ప ఆటగత్తెలనో డబ్బిచ్చి తెచ్చుకొన్న జట్టు కాదది.

మరి ఈ గెలుపు రహస్యమేమి? మొదటిది, మెట్ల వరుస. బడిలో చిన్నపిల్లల జట్టు, దానిపైన మరొక జట్టు, దానిపైన గ్రాడెట్స్ అనే జట్టు, అందరికంటె పైన గ్రాడ్స్. పైన ఒక స్థలం ఖాళీ అయితే క్రింది మెట్టు మీద సిద్ధముగా ఒకరుండేవారు. రెండవది, ఒకే విధమైన శిక్షణ. క్రింది జట్టులో నేర్పిన పద్ధతినే పై జట్టులోను ఆడేవారు. వారానికి రెండు సాయంకాలాలు తప్పకుండ సాధన చేసేవారు. సాధన కొరకు మగపిల్లల జట్లతో కూడ ఆడేవారు. మూడవది, నడవడి. ముందు మర్యాదగల స్త్రీలు, తరువాతనే ఆటగత్తెలు అన్నది పేజ్ గారి సూత్రము. ప్రయాణాలలో ఆయన భార్య వారికి తల్లివలె తోడు వెళ్లేది. ఆట కొరకు వారు ప్రయాణము చేసినది 1,25,000 మైళ్లని చెబుతారు. ఇంత చేసినను ఒక్కరికీ జీతము లేదు. ఆట ముగిసిన మరునాడు మళ్లీ ఆఫీసు బల్ల ముందు కూర్చోవలసిందే.

ఓటములు లేకపోలేదు. అమెరికాలోని ఓక్లహోమాలో, డ్యూరంట్ అనే ఊరిలోని ప్రెస్బిటేరియన్ కాలేజీ ఆడపిల్లలు 1933లో వీరిని ఓడించారు. ఒక మిషను కాలేజీ పిల్లలు ఆ పని చేసి చూపించారు. ఓడినందువలన గ్రాడ్స్ కీర్తి తగ్గలేదు. అదే సంవత్సరం నోయెల్ మెక్‌డోనాల్డ్ అనే పొడుగరి అమ్మాయి జట్టులో చేరి, 1939 వరకు ఆడి, జట్టు చరిత్రలోనే మేటి ఆటగత్తెగా పేరు పొందినది. నైస్మిత్ తాను ఎరిగిన జట్లన్నిటిలో ఇంతటి ఉత్తమమైనది మరొకటి లేదన్నట్టు గ్రాడ్స్‌ను ప్రశంసించాడు. ఆట పుట్టించినవాడే, దానిని అందరికంటె బాగుగా ఆడినవారు ఆడవారని ఒప్పుకొన్నాడన్నమాట.

ఇంతవరకు సంతోషకరమైన చరిత్ర. ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి చెప్పవలెను. పారిస్‌లో 1924లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో 1928లో, బెర్లిన్‌లో 1936లో ఒలింపిక్స్ జరిగినప్పుడు గ్రాడ్స్ యూరపు వెళ్లి ఆడారు. ఒలింపిక్స్ సందర్భముగా వారు ఆడిన 27 ఆటలూ గెలిచారని లెక్క. కాని ఒక్క పతకమూ రాలేదు. అవి లెక్కకు రాని ప్రదర్శన ఆటలు. బెర్లిన్‌లో మగవారి బాస్కెట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో చేర్చారు. ఆ పోటీ చూచుటకు వృద్ధుడైన నైస్మిత్‌ను పిలిపించి గౌరవించారు. ఆడవారికి మాత్రం తలుపు తెరువలేదు. ఆ తలుపు తెరిచినది 1976లో, నైస్మిత్ వేదాంతం చదివిన మాంట్రియల్ పట్టణములోనే. అప్పటికి గ్రాడ్స్‌లో చిన్నవారు కూడ అవ్వలైనారు.

పెండ్లి అయితే సాధారణముగా జట్టు విడువవలసినదే. అది ఆనాటి లోకాచారం. మన ఆచారమూ దానికి భిన్నము కాదు. 1940లో యుద్ధ సమయములో ఎడ్మంటన్‌లోని ఆ భవనమును వైమానిక దళము వారు తీసుకొన్నారు. ఆ సంవత్సరం జూన్ 5న చికాగో జట్టుతో ఆడిన ఆటయే గ్రాడ్స్ చివరి ఆట. పేజ్ గారు అదే సంవత్సరం శాసనసభకు ఎన్నికై, 1959 నుండి 1966 వరకు అల్బర్టా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్నారు. ఆయన దానికి తగినవారే. ఆయన శ్రమను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. అయితే బంతి వేసిన చేతులు తిరిగి టైపు మిషను మీదికి, వంట పొయ్యి దగ్గరికి వెళ్లినవి. ఎడ్మంటన్ గ్రాడ్స్ అన్న జట్టు పేరు నిలిచింది. అందులో ఒక్కొక్క ఆడపిల్ల పేరు చెప్పగలవారు ఎందరు?

మన దేశానికి ఈ ఆట వై.ఎం.సి.ఏ. వారి ద్వారానే వచ్చింది. మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ దొరగారు స్థాపించిన వ్యాయామ విద్యా కళాశాలలో చదివినవారు దక్షిణ దేశపు బడులకు వ్యాయామోపాధ్యాయులుగా వెళ్లారు. మా కాంపౌండులోని ఆ రెండు ఇనుప వలయాలకు వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

ఈ సంచిక కొరకు నేను కొన్ని పాత రిజిస్టర్లు తిరగవేశాను. చందా ఇచ్చిన మగవారికి ఇంటిపేరుతో సహా పూర్తి పేర్లున్నవి. ఆడవారి చోట ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’, ‘బైబిలు స్త్రీ ఒకరు’ అని మాత్రమే ఉన్నది. పిడికెడు బియ్యం తీసిపెట్టి గుడి గోడ లేపినవారు, ఎండలో పల్లె పల్లె తిరిగి అక్షరం నేర్పినవారు, బాలికల బడిలో మూడు తరాలకు చదువు చెప్పినవారు ఆ ‘ఒకరు’ అన్న మాట వెనుక ఉన్నారు. వారి ఆటలును ప్రదర్శన ఆటలే అయినవి. లెక్క పుస్తకములోనికి ఎక్కలేదు.

మా బడి కోర్టులో ఆడినవారిలో ఒకామె, ఇప్పుడు డెబ్బదేండ్లు దాటినామె, మా సంఘములోనే ఉన్నారు. ఈ వ్యాసం వ్రాయబోతూ ఆమెను కలిసి, అమ్మా, మీ జట్టులో ఎవరెవరుండేవారు అని అడిగాను. ఆమె కొంగుతో కళ్లజోడు తుడుచుకొని, వ్రేళ్ల మీద లెక్కపెడుతూ ఆరు పేర్లు చెప్పారు. ఏడవ పేరు దగ్గర ఆగిపోయారు. “మంచి పిల్ల బాబూ, ఎడమ చేత్తో వేసేది. పేరే రావటం లేదు” అన్నారు.

ఆ ఏడవ పేరు ఎరిగినవారు ఎవరైనా ఈ డయాసిస్‌లో ఉంటే దయచేసి తెలుపగలరు. మీ ఇండ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకను ఉన్నట్లయితే, ఈ వారమే వారి దగ్గర కూర్చుండి పేర్లు వ్రాసికొనండి. రెండవ శతాబ్దపు సంచిక వ్రాయబోయేవారికి మనము విడిచిపోగల ఆస్తి అదియే.