అలావాకు అర్థం రాయాలా?

నల్గొండ జిల్లా స్కైబాబ 1998లో ముస్లింవాద కవితా సంకలనం ‘జల్‌జలా’ తెచ్చాడు. 2005లో షాజహానా ‘నఖాబ్’ వచ్చింది. తెలుగు పుస్తకాలే, పేర్లు ఉర్దూవి. నిజాం రాజ్యంలో తెలుగు పిల్లలు ఉర్దూలో చదువుకున్నారు. 1956 తర్వాత వరస తిరగబడింది, ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఎందరికో బడి తెలుగైంది. ఆ బడి భాషలోనే షాజహానా ఇంటి మగవాళ్లనీ, బయటి హిందూత్వనీ కలిపి నిలదీసింది.

పరిశోధన కోసం ఈ కవిత్వం చదువుతూ నేను ఉర్దూ మాటలకు అర్థాల పట్టిక రాసుకున్నాను. వాళ్లిద్దరి సంపాదకత్వంలో వచ్చిన ‘అలావా’ దగ్గర చెయ్యి ఆగింది. పీర్ల పండుగకు మా ఊరంతా, అన్ని కులాలవాళ్లూ, ఆడింది ఆ నిప్పుల గుండం చుట్టూనే కదా! అది నాకెప్పుడు పరాయి మాటైంది? అదే పరిశోధనలో సంస్కృత పదాలకు నేనెక్కడా అర్థం రాయలేదు.