అకామా ముందా, జ్వరం ముందా?

కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లను మదనపల్లె వైపున్న పెద్దతిప్పసముద్రం బస్టాండులో కదిలించి చూడండి. జీతం కంటే ముందు అకామా సంగతి ఎత్తుతారు. అకామా అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి. అది పడ్డాకే బతాకా, అంటే సివిల్ ఐడీ కార్డు, చేతికొస్తుంది. సర్కారు ఆసుపత్రిలో చీటీ రాసేవాడు మొదట అడిగేది ఆ కార్డే. విమానం దిగిన రోజుకీ కార్డు వచ్చిన రోజుకీ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు. జ్వరం మాత్రం అన్నాళ్లు ఆగదు. ఈ చిక్కు కువైట్‌తో మొదలైంది అనుకుంటాం గానీ, మన సీమ మనిషి సముద్రం దాటిన తొలినాళ్ల నుంచీ ఉన్నదే.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి 342 మంది కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు అక్కడి చెరుకు తోటలకు పోయినవాళ్లలో ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్లు చాలామంది. చిత్తూరు అప్పుడు ఆ జిల్లాలోదే. ఒప్పంద పత్రంలో కూలి, బియ్యంతో పాటు వైద్యం కూడా యజమాని బాధ్యతే. చదవడానికి బాగుంది. అయితే జ్వరం నిజమైనదో, పని ఎగ్గొట్టే వేషమో తేల్చేది తోట దొర. ఐదేళ్ల ఒప్పందం తీరి తోట విడిచిన మనిషికి ఆ పూచీ కూడా ఉండదు. డర్బన్‌లో వ్యాపారి పార్సీ రుస్తుంజీ డబ్బు సాయంతో, డాక్టర్ బూత్ నడిపిన చిన్న ధర్మాసుపత్రి ఇలాంటివాళ్లను చూసేది. గాంధీ రోజూ పొద్దున కొంతసేపు అక్కడ మందులు కలిపి ఇచ్చేవారు. వచ్చే రోగుల్లో తమిళ, తెలుగు, ఉత్తర భారత కూలీలే ఎక్కువని ఆయనే రాసుకున్నారు. మన వైద్యం యజమాని చేతిలో ఉంటే ఏమవుతుందో నేటాల్ అప్పుడే చూపించింది.

అదే కాలంలో మదనపల్లెలో కథ తిరగబడి నడిచింది. ఇక్కడ కొత్తగా వచ్చినవాడే వైద్యుడు. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ తరఫున జాకబ్ ఛాంబర్లేన్ 1863లో మదనపల్లెలో కాపురం పెట్టారు. ఒక చేత బైబిలు, మరో చేత మందుల పెట్టె. ప్రసంగం వినందే మందు లేదా అని విసుక్కున్నవాళ్లు ఉండే ఉంటారు. అయినా చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చారు. ఆయన తెలుగు నేర్చి, తెలుగులో రాసి, 1908లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. 1915లో ఊరికి అవతల క్షయ రోగులకు పెద్ద శానిటోరియం వెలిసింది. ఆరోగ్యవరం అన్న పేరు దాని వల్లే వచ్చింది. దాన్ని మొదట నడిపినది డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్. మదనపల్లె పొడిగాలి ఊపిరితిత్తులకు మంచిదని దక్షిణ దేశమంతటి నుంచీ క్షయ రోగులు ఇక్కడికి చేరేవారు. ఏ భాషవాడు, ఏ సంస్థానం వాడు అన్న పట్టింపు లేదు.

మన వ్యాసకర్తలు అంతగా ఎత్తని ముడి ఒకటి ఇక్కడుంది. మదనపల్లెలో మందులు పంచిన అదే చర్చి, అరేబియా మిషన్ పేరుతో కువైట్‌లోనూ ఆసుపత్రి పెట్టింది. కువైట్ పాలకుడు షేక్ ముబారక్ పిలుపు మీద 1911లో ఒప్పందం కుదిరింది. మరుసటేడు ఎలినార్ కాల్వర్లీ అనే డాక్టరమ్మ వచ్చి ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టింది. 1914లో మగవాళ్ల ఆసుపత్రి కట్టారు. ముత్యాల కోసం మునిగే బీదలు, ఎడారి బెదూయిన్లు, రేవులో దిగిన పరదేశి, అందరూ ఆ గడప తొక్కేవారు. అప్పటికి అక్కడ చెలామణి అయ్యేది మన రూపాయే. కువైట్‌కు సొంత దినారు 1961లో గానీ రాలేదు. ఒకప్పుడు మన రూపాయితో నడిచిన ఊరికి మనవాళ్లు దినారు కోసం పోవడం చిత్రమే.

1946లో కువైట్ చమురు ఎగుమతి మొదలైంది. 1949లో సర్కారు సొంతంగా అమీరీ ఆసుపత్రి తెరిచింది. డబ్బు వచ్చిన కొద్దీ ఆసుపత్రులూ పెరిగాయి. అక్కడ నివసించే విదేశీయుడికి కూడా వైద్యం దాదాపు ఉచితంగానే దొరికేది. మిషన్ ఆసుపత్రి పని తీరి 1967లో మూతబడింది. 1973 తర్వాత చమురు ధర ఎగిసినప్పుడు రాయచోటి, పీలేరు, మదనపల్లె వైపు నుంచి, వాన మొహం చూడని శెనక్కాయ చేల నుంచి బయల్దేరిన తరం దిగింది ఆ ఉదారకాలంలోనే. మందుకు డబ్బు అడగని దేశమని వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ దీర్ఘ చరిత్రలో, పరదేశి కూలికి యజమాని మొహం చూడకుండా సర్కారే వైద్యం ఇచ్చిన కాలం నా లెక్కలో అదొక్కటే.

1999 నాటి చట్టంతో ఆ తలుపు సగం మూసుకుంది. విదేశీయుడు ఏడాదికి 50 దినార్ల ఆరోగ్య బీమా కడితేనే అకామా అన్నారు అప్పట్లో. అక్కడి నుంచి వైద్యం కార్డుకూ, కార్డు కఫీలుకూ, అంటే అకామాకు పూచీ పడే యజమానికీ, కట్టుబడ్డాయి. 2017 అక్టోబరులో విదేశీయులకు ఫీజులు పెరిగాయి. క్లినిక్కు చీటీ ఒక దినారు నుంచి రెండుకు చేరింది. 2022 డిసెంబరులో మందులకు కూడా వేరే రుసుము పెట్టారు: క్లినిక్కులో 5, స్పెషలిస్టు దగ్గర 10 దినార్లు. దినారు ఇప్పుడు మూడు వందల రూపాయలకు దగ్గర్లో ఉంది. కఫీలు దగ్గర నుంచి పారిపోయి కల్లివల్లి, అంటే కాగితాల్లేని మనుషులు, అయినవాళ్లకు ఈ రేటు కూడా అందదు. అకామా తీరిపోయిన మనిషి ఆసుపత్రి కంటే పోలీసుకే ఎక్కువ భయపడతాడు. నేటాల్ తోట దొర, కఫీలు, ఇద్దరి మధ్యా వందేళ్ల పైచిలుకు దూరం ఉంది గానీ తాళం చెవి అదే.

ఇది గల్ఫ్ బుద్ధి అని తేల్చేయకండి. 1948 జులై 5న పుట్టిన బ్రిటన్ ఆరోగ్య సేవను నిలబెట్టినవాళ్లలో మన దేశపు డాక్టర్లు ఎందరో. ఆ దేశమే 2015 నుంచి వీసాతో పాటు ఆరోగ్య సర్‌ఛార్జి వసూలు చేస్తోంది. ఏడాదికి 200 పౌండ్లతో మొదలై 2024 ఫిబ్రవరికి 1,035కు ఎక్కింది.

ఆరోగ్యవరం కథకు ముగింపు కూడా గల్ఫే రాసింది. అక్కడికి పోయేవాడు ఇక్కడే మెడికల్ పాసవ్వాలి, దిగాక మళ్లీ పరీక్షలు చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రేలో పాత క్షయ మచ్చ కనబడితే, ఎప్పుడో మందులు వాడి పూర్తిగా నయమైనా సరే, అన్‌ఫిట్. దక్షిణ దేశమంతటి నుంచీ వచ్చిన క్షయ రోగులకు నీడనిచ్చిన గడ్డ మీది కుర్రాడిని, మానిన మచ్చ చూపించి వెనక్కి పంపుతారు. మనిషిని రోగిగా చూడకముందే సరుకుగా తూచడం ఇదే.

మన వైపు ఏముంది? ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. అది సముద్రం దాటదు. కర్ణాటక హద్దు దాటి బెంగళూరు చేరడానికే 2019 దాకా పట్టింది, అదీ కొన్ని పెద్ద జబ్బులకే. వలస కూలికి కేంద్రం 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన తెచ్చింది. 2017లో సవరించాక రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కడితే చాలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి రాకుండా పోయినా 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు లక్ష వరకు. పదో తరగతి పాసవని పాస్‌పోర్టు వాళ్లకు ఇది తప్పనిసరి. విజిట్ వీసా మీద దొడ్డిదారిన పంపిన ఇంటిపని ఆడవాళ్లకు మాత్రం ఈ పాలసీ ఉండదు. అది అందరికంటే ఎక్కువ కావలసింది వాళ్లకే.

మీ ఇంట్లోంచి ఎవరైనా పోతుంటే, ఆ పాలసీ కాగితం జిరాక్సు ఒకటి ఇంట్లో పెట్టి పొమ్మనండి. ఏజెంటు ఇవ్వకపోతే, టికెట్టు డబ్బులు కట్టకముందే అడగండి.