పొగ చూడగానే ఇంజన్ విప్పించకండి: పాత బుల్లెట్ అరిగిందో లేదో తేల్చుకోవడం ఎలా

నాన్నగారి 1984 నాటి బుల్లెట్ 350 మా ఇర్వింగ్ ఇంటికి వచ్చి మూడేళ్లయింది. అమెరికాలో 25 ఏళ్లు దాటిన బండ్లకు భద్రతా ప్రమాణాల నుంచి, 21 ఏళ్లు దాటి మార్పులేవీ చేయని బండ్లకు కాలుష్య నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. అందుకే తేగలిగాను. నిరుడు చలికాలంలో నాలుగు నెలలు గరాజ్‌లో కదలకుండా ఉంది. మార్చిలో కిక్ కొడితే గరాజ్ నిండా నీలం పొగ. పిల్లలు దగ్గుతూ లోపలికి పరుగెత్తారు.

ఒక మెకానిక్‌కు చూపిస్తే రెండు నిమిషాల్లో తేల్చేశాడు: "ఇంజన్ అయిపోయింది, బోరింగ్ చేసి కొత్త పిస్టన్ వేయాలి." నాకు గుండె జారిపోయింది. ఖర్చు ఒక్కటే కాదు బాధ. ఆ సిలిండర్ ఇంతవరకు బోరింగ్‌కు వెళ్లలేదు. "కంపెనీ బోరు మీదే ఉంది" అని నాన్నగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు. ఒకసారి కోసేసిన ఇనుము మళ్లీ రాదు. బండి ఇంటికి తెచ్చుకుని, విప్పకుండా ఏమేం చూడొచ్చో అన్నీ చూశాను.

ముందు ఈ ఇంజన్ గురించి ఒక మాట. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టిన డిజైన్ ఇది, 1950ల మధ్య నుంచి మద్రాసులో తయారైంది. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ, పోత ఇనుము సిలిండర్. దీని ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్‌కేస్ పోతలోనే ఒక గదిలా ఉంటుంది. బండి నెలల తరబడి ఆగితే ఆ ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్ తిరిగే భాగంలోకి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే అదంతా పైకి చిమ్మి పొగగా వస్తుంది. దీన్నే వెట్ సంపింగ్ అంటారు. రింగులు అరిగినా పొగ ఇదే రంగులో ఉంటుంది, అక్కడే మోసపోతాం.

తేడా పట్టుకోవడం కష్టం కాదు. చాలాకాలం ఆగిన బండిని స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ చూడండి. మట్టం బాగా తగ్గిందని కంగారుపడి ఆయిల్ పోయకండి (నేను పోశాను, ఆ తర్వాత అది బ్రీదర్ గొట్టంలోంచి కారి నేలంతా జిడ్డు). పది పదిహేను నిమిషాలు నడిపాక మట్టం తిరిగి పైకి వచ్చి పొగ ఆగిపోతే అది ఆగి ఉన్న బండి పొగే. నెలలపాటు ఆగిన బండికి స్టార్ట్ చేసేముందే క్రాంక్‌కేస్ డ్రెయిన్ చేయడం ఇంకా మంచిది. ట్యాంకు ప్లగ్గు వేరు, దాని ప్లగ్గు వేరు.

ఇంజన్ వేడెక్కాక కూడా పొగ వస్తుంటే, ఎప్పుడు వస్తోందో గమనించండి. థ్రాటిల్ తిప్పి లాగుతున్నప్పుడు ఆగకుండా వస్తే రింగుల మీద అనుమానం. సిగ్నల్ దగ్గర థ్రాటిల్ మూసి, మళ్లీ తెరవగానే ఒక్క బుస్సుమని వస్తే వాల్వు గైడులు. నల్లపొగ అయితే కార్బురేటర్ సంగతి, అరుగుదలతో పని లేదు.

ఇక కంప్రెషన్. గేజి లేకపోతే మన మేస్త్రీల పాత పద్ధతి ఉంది: ఇగ్నిషన్ ఆపి, పిస్టన్‌ను కంప్రెషన్ మీదికి తెచ్చి, డీకంప్రెసర్ ముట్టకుండా కిక్ మీద బరువు వేసి నిలబడాలి. మంచి ఇంజన్ కాసేపు మోసి, తర్వాత మెల్లగా దిగుతుంది. చతికిలబడితే ఎక్కడో కారుతున్నట్టే. గేజి ఉంటే వేడి ఇంజన్ మీద, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఐదారు కిక్కులు కొట్టి అంకె రాసుకోండి. తర్వాత ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. తక్కువగా ఉన్న అంకె పెద్దగా కదలకపోతే దోషం వాల్వుల దగ్గర. పాత బుల్లెట్‌ది తక్కువ కంప్రెషన్ ఇంజన్. కొత్త బండ్ల అంకెలతో పోల్చి భయపడకండి, ఈ రెండు అంకెల తేడాయే ముఖ్యం. నా బండికి ఆ తేడా ఐదు పౌండ్లు దాటలేదు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

చప్పుళ్లు కూడా వినాలి, కానీ అన్నిటికీ బెదరకూడదు. చల్లగా ఉన్నప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గితే పిస్టన్ చప్పుడు, దానితో చాలాకాలం నడపొచ్చు. గేరులో బరువు లాగుతున్నప్పుడు లోతుగా గుద్దినట్టు వినిపిస్తే మాత్రం బిగ్ ఎండ్. వెంటనే ఆపేయండి, ఇంటిదాకా కూడా నడపొద్దు. పైనుంచి వచ్చే సన్నని టిక్‌టిక్‌కు ముందు టాపెట్లు చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఇర్వింగ్ ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోండి.

తీసిన ఆయిల్‌ను పారబోయకముందు అందులో అయస్కాంతం తిప్పండి. మెత్తటి బూడిదలాంటిది కొద్దిగా అంటుకోవడం మామూలే. గోటికి తగిలే ముక్కలు వస్తే ఇంజన్ విప్పక తప్పదు. పిస్టన్ అల్యూమినియం అయస్కాంతానికి అంటదు కాబట్టి గుడ్డలో వడకట్టి వెలుతురులో కూడా చూడాలి.

చివరికి మా బండికి తేలింది ఇది: గరాజ్ నింపిన పొగ వెట్ సంపింగ్‌దే. సిగ్నల్ దగ్గర వచ్చే చిన్న బుస్సు మాత్రం నిజం, ఎగ్జాస్ట్ గైడు వదులైంది. దానికి హెడ్డు ఒక్కటి దింపితే చాలు. గైడులు చెన్నై నుంచి తెప్పిస్తున్నాను. సిలిండర్ జోలికి ఎవరినీ వెళ్లనివ్వలేదు.