పాతకారు మీటర్ల పునరుద్ధరణ

పాతకారు డాష్‌బోర్డులోని స్పీడోమీటరు, ఇంధనం, ఉష్ణోగ్రత మీటర్లను విడదీసి, శుభ్రం చేసి, లోపాలు సరిదిద్ది మళ్లీ బిగించే పని ఇది.

పనితీరు: చాలా పాతకార్ల స్పీడోమీటర్లు 1902లో జర్మనీకి చెందిన ఒట్టో షుల్జ్ పేటెంటు పొందిన ఎడ్డీ కరెంటు పద్ధతిలో పనిచేస్తాయి. గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానికి తగలకుండా అమర్చిన లోహపు గిన్నెలో విద్యుత్తు పుట్టి, గిన్నె అదే దిశలో తిరగబోతుంది. సన్నని స్ప్రింగు దాన్ని అడ్డుకుంటుంది. రెండు బలాలూ సమానమైన చోట ముల్లు నిలుస్తుంది.

విడదీయడం: ముందుగా బ్యాటరీ తీగ తీసి, ఏ తీగ ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. అద్దాన్ని పట్టి ఉంచే చుట్టును మెల్లగా వదులు చేయాలి. ముల్లు తీసేముందు అది స్వేచ్ఛగా నిలిచే చోటును గుర్తించాలి. డయలును మెత్తని పొడి బ్రష్షుతోనే తుడవాలి. ద్రావకాలు తగిలితే అంకెలు చెరిగిపోతాయి. ఇరుసుకు ఒక్క చుక్క పలుచని నూనె చాలు. అయస్కాంతానికి, గిన్నెకు మధ్య నూనె చేరితే ముల్లు ఎక్కువ వేగం చూపుతుంది.

లోపాలు: 1960ల నాటి అనేక బ్రిటిష్ కార్లలో ఇంధనం, ఉష్ణోగ్రత మీటర్లకు సగటున 10 వోల్టులు అందించే స్టెబిలైజరు ఉంటుంది. రెండు మీటర్లూ ఒకేసారి తప్పు చూపితే ముందుగా దాన్నే పరీక్షించాలి.

జాగ్రత్త: పాత డయళ్లపై చీకట్లో వెలిగే పూతలో రేడియం ఉండవచ్చు. దాన్ని గీకకూడదు.