పాస్‌వర్డు దస్త్రం: ఉమ్మడి కంప్యూటర్లలో ప్రవేశ నియంత్రణ పరిణామం

ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలంలో వాడుకోవడం మొదలైన నాటి నుంచి వాడుకరిని గుర్తించడం, అతని దస్త్రాలను ఇతరుల నుంచి కాపాడడం అనివార్యమయ్యాయి. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో ప్రదర్శించిన సి.టి.ఎస్.ఎస్. వ్యవస్థ ఇందుకు పాస్‌వర్డును ఆశ్రయించింది. అయితే పాస్‌వర్డులన్నీ ఒకే దస్త్రంలో యథాతథంగా ఉండేవి. ఆ దశకంలోనే ఇద్దరు నిర్వాహకుల తాత్కాలిక దస్త్రాలు తారుమారై, ఆనాటి ప్రకటనకు బదులు పాస్‌వర్డుల జాబితా వాడుకరులందరికీ కనిపించింది. దస్త్రాన్ని దాచడం ఒక్కటే రక్షణ కాజాలదని ఈ ఘటన నిరూపించింది.

బెల్ ల్యాబ్స్‌లో రూపొందిన యూనిక్స్ మరో మార్గం తొక్కింది. పాస్‌వర్డుకు బదులు, దాని నుంచి గణించిన గూఢరూపాన్ని మాత్రమే భద్రపరచి, ఆ దస్త్రాన్ని అందరూ చదివేందుకు అనుమతించింది. కానీ రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన పరిశీలనలో, సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 2,831, అంటే 86 శాతం, మరీ చిన్నవిగానో నిఘంటువుల్లో దొరికేవిగానో తేలాయి. దీనికి విరుగుడుగా గణనను నెమ్మదింపజేసి, ప్రతి పాస్‌వర్డుకు 12 బిట్ల ‘సాల్ట్’ను జోడించారు.

యంత్రాల వేగం పెరిగేకొద్దీ ఇదీ చాలలేదు. యజమాని, సమూహం, ఇతరులు అనే విభజనపై చదవడం, రాయడం, అమలుపరచడం అనే అనుమతులను యూనిక్స్ ముందే ఏర్పరచింది. తదనంతరం గూఢరూపాలను ‘షాడో’ దస్త్రానికి తరలించి, సామాన్య వాడుకరులకు దానిని చదివే అనుమతిని నిరాకరించారు. గుర్తింపు లేనిదే అనుమతులకు అర్థం లేదు. అనుమతులు లేనిదే గుర్తింపుకు రక్షణ లేదు. నేటి సర్వర్ల నిర్వహణకు ఈ పరస్పరాధారమే పునాది.