చుందుడు కమ్మరి కొడుకు: విశాఖ కొండల నుంచి ఎరుక, తీర్పు, మంచి చావు

అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. సంఘారామం అన్న మాటే శంకరం అయిందని, బుద్ధన్నే బొజ్జన్న అయ్యాడని పండితులు చెబుతారు. 1906లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాక గుహలు, ఇటుక స్తూపాలు, పక్కనే లింగాలకొండ మీద వరసలు వరసలుగా రాతిలో తొలిచిన చిన్న స్తూపాలు లోకానికి తెలిశాయి. వాటి ఆకారం చూసి లింగాలనుకున్నారు కాబట్టే ఆ కొండకు ఆ పేరు. అంతకంటే విచిత్రం ఇంకొకటి ఉంది. బొజ్జన్నకొండ మీద పొట్టలా కనిపించే ఒక ఆకారాన్ని రాక్షసుడిదని నమ్మి, ఏటా కనుమ నాడు జనం దాని మీద రాళ్లు విసిరేవారు. ఇంటాక్ లాంటి సంస్థలు పట్టుబట్టాక ఆ ఆనవాయితీ ఆగింది.

రాళ్లు విసిరినవాళ్లను మూర్ఖులనడం తేలిక. తమ పూర్వీకుల్లో ఎవరైనా ఆ సంఘారామానికి బియ్యం మోశారేమో, ఆ రాయి తొలిచారేమో వాళ్లకు ఎవరు చెప్పారు? చరిత్ర లాక్కున్న తర్వాత మిగిలేది రాయి, దాన్ని విసిరే చెయ్యి. బౌద్ధం గురించి ఇక్కడ మాట్లాడుకోవాలంటే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఇప్పుడు ‘మైండ్‌ఫుల్‌నెస్’ పేరుతో అమ్ముడవుతున్నది ఒత్తిడి తగ్గించే సరుకు. పాలిలో దాని అసలు పేరు సతి. తెలుగులో ఎరుక అంటే సరిపోతుంది. సతిపట్ఠాన సుత్తం దీన్ని నాలుగు చోట్ల నిలపమంటుంది: శరీరం, అనుభూతులు, చిత్తం, ధమ్మాలు. శరీరం దగ్గర బుద్ధుడు దేన్నీ వదిలిపెట్టలేదు. నడవడం, కూర్చోవడం, తినడం, తాగడంతో పాటు మలమూత్ర విసర్జన కూడా ఎరుకతో చేయాల్సిన పనే. కుల సమాజం సరిగ్గా ఇక్కడే కళ్లు మూసుకుంది. తన మలాన్ని ఎత్తే పని ఒక కులానికి అప్పగించి, ఆ పని చేసే మనిషిని కంటికి కనపడకుండా చేసింది. థేరగాథల్లో సునీతుడి గాథలున్నాయి. వాడిన పూలు ఊడ్చే నీచకులంలో పుట్టి, అందరికీ తలవంచి బతికిన తనను బుద్ధుడు భిక్షువుగా ఎలా పిలిచాడో అతనే చెప్పుకుంటాడు. ఎరుక అంటే ఎదుట ఊడుస్తున్న మనిషిని చూడడం కూడా.

భీమిలి దారిలో సముద్రాన్ని చూస్తూ ఉండే తొట్లకొండ మీద ఈ ఎరుకను జనం ఎలా బతికారో కొంత తెలుస్తుంది. 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాల్లో మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులతో పాటు వంటిల్లు, భోజనశాల బయటపడ్డాయి. వాన నీరు పట్టేందుకు రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు. శాతవాహన నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే కింద రేవు వ్యాపారంతో పైనున్న ధ్యానానికి సంబంధం ఉందన్నమాట. ధ్యానం గాలిలో జరగలేదు. ఎవరో రాయి కొట్టారు, ఎవరో వండారు.

ఎదుటివారి మీద తీర్పు విషయంలో దళిత పాఠకులకు అందరికంటే బాగా తెలిసిన కథ వసల సుత్తం. అగ్గిక భారద్వాజుడనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి దూరం నుంచే చూసి వసలుడా, అక్కడే ఆగు అంటాడు. వసలుడంటే అంటరానివాడు. మనిషిని వసలుణ్ణి చేసేదేమిటో నీకు తెలుసా అని అడిగి, పుట్టుక కాదు, చేసే పనే అని బుద్ధుడు వివరిస్తాడు. చండాలుడి కొడుకైన మాతంగుడు ఎంత గౌరవం పొందాడో ఉదాహరణగా చూపుతాడు.

మిగసాల కథ అంత ప్రచారంలో లేదు. ఆమె తండ్రి పురాణుడు బ్రహ్మచారి, చిన్నాన్న ఇసిదత్తుడు సంసారి. ఇద్దరికీ మరణం తర్వాత ఒకే గతి అని బుద్ధుడు చెప్పేసరికి, ఇదెక్కడి లెక్క అని ఆమె ఆనందుణ్ణి నిలదీసింది. మనుషులను కొలిచే పని పెట్టుకోవద్దు, కొలిచేవాడు తనకే చెరుపు చేసుకుంటాడు అన్నది బుద్ధుడి జవాబు. ఆమెను తెలివితక్కువదన్నట్టు మాట్లాడిన వాక్యాలు కూడా అందులో ఉన్నాయి, అవి నాకు నచ్చవు. అడగాల్సిన ప్రశ్నే ఆమె అడిగింది.

ఇక కర్మ. దళితులకు ఇది పుస్తకాల చర్చ కాదు. ‘పోయిన జన్మలో చేసిన పాపం’ అన్నది మన మీద పడ్డ అతి పాత తీర్పు. పాలి గ్రంథాల్లోనే, అహంకారం వల్ల నీచకులంలో పుడతారని చెప్పే చూళకమ్మవిభంగ సుత్తం ఉంది, దాచాల్సిన పనిలేదు. మరోవైపు సీవకుడికి చెప్పిన సుత్తంలో, అనుభవించే ప్రతిదీ పూర్వకర్మ ఫలమే అనడం తప్పని బుద్ధుడు తోసిపుచ్చుతాడు. పిత్తం, కఫం, వాతం, రుతువుల మార్పు, దెబ్బ తగలడం ఇవన్నీ కారణాలే అంటాడు. అంబేడ్కర్ తన చివరి గ్రంథం ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ ముందుమాటలో కర్మ, పునర్జన్మలను తేల్చాల్సిన సమస్యల్లో ఒకటిగా పెట్టింది ఊరికే కాదు.

చుందుడి దగ్గరకు వద్దాం. పావా నగరంలో అతని మామిడితోటలో బుద్ధుడు ఆగాడు. అతను పెట్టిన భోజనమే బుద్ధుడి ఆఖరి భోజనం. అందులోని సూకరమద్దవం పంది మాంసమా, పుట్టగొడుగులా అన్న వాదన ఇంకా తెగలేదు. నాకు అంతకంటే ముఖ్యమైంది చుందుడు కమ్మారపుత్తుడు కావడం, అంటే లోహపు పనివాడి కొడుకు. మన కమ్మరి అన్న మాట ఆ కమ్మారకు దగ్గరి చుట్టమే. తిన్నాక రక్త విరేచనాలతో నడుస్తూ కుసినారా చేరబోయే మనిషి, దారిలో ఆనందుడికి ఒక పని అప్పగించాడు: నీ అన్నం తిని పోయాడని చుందుణ్ణి ఎవరూ నిందించకుండా, అతను కుమిలిపోకుండా చూడు. జ్ఞానోదయానికి ముందు తిన్న భోజనంతో సమానమైన పుణ్యం ఈ భోజనానిదని అతనికి చెప్పమన్నాడు.

ఉక్కు నగరంలో ఈ కథ వేరేలా వినిపిస్తుంది. ఇక్కడ ప్రమాదం జరగగానే మొదట వెతికేది కింది మనిషి తప్పును. 2020 మే 7న వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది, అదే ఏడాది ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. మాన్‌హోల్‌లో ఊపిరాడక పోయినవాడి గురించి ‘తాగి దిగి ఉంటాడు’ అనే మాట ఎన్నిసార్లు వినలేదు! దింపినవాడి గురించి ఆ మాట వినపడదు.

మంచి చావు అంటే నొప్పి లేని చావని మనం అనుకుంటాం. బుద్ధుడి చావు అలాంటిది కాదు. సుత్తాల్లో మంచి చావుకు ఇంకొన్ని షరతులు కనిపిస్తాయి. నకులపిత జబ్బున పడితే, నువ్వు పోయినా దూది వడికి, ఉన్ని చిక్కు తీసి పిల్లలను సాకుతాను, దిగులుతో పోవద్దు అని భార్య ధైర్యం చెబుతుంది. అతను కోలుకున్నాడు. ఇంటివాళ్లు ఎలా బతుకుతారన్న భయం తీరకుండా ప్రశాంతమైన మరణం లేదని ఆమెకు తెలుసు. కాంట్రాక్టు కూలీకి పీఎఫ్, ఈఎస్‌ఐ అంటే అదే. మురుగు కాలువ చావులకు 10 లక్షల పరిహారమని సుప్రీంకోర్టు 2014 మార్చిలో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషులను దింపడం నిషేధమని 2013 చట్టం చెబుతున్నా ఈ లెక్క అవసరమవుతూనే ఉంది.

అనాథపిండికుడి మంచం దగ్గర సారిపుత్తుడు దేన్నీ పట్టుకోవద్దని బోధిస్తే అతను ఏడ్చాడు. ఇన్నేళ్లు సేవచేసినా ఇలాంటి మాట ఎన్నడూ వినలేదన్నాడు. తెల్లబట్టల గృహస్థులకు ఇది చెప్పం అన్నారు. ఇకనుంచి చెప్పండి, అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు అని అతను వేడుకున్నాడు. చదువు ఎవరికి అందాలన్న మన పోరాటం ఆ మంచం మీద కూడా ఉంది.

చచ్చాక చోటు ఇంకో పోరాటం. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపేసిన దళితులను ఊరి నడుమే పూడ్చి దాన్ని రక్తక్షేత్రం అన్నారు. శ్మశానాన్ని అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడం 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ సెక్షన్ మర్చిపోతుంటారు, అడిగి రాయించాలి.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఆరోది శ్రాద్ధం, పిండప్రదానం చేయనని. కాబట్టి మన బౌద్ధ కుటుంబాల్లో త్రిశరణ పంచశీలాలు చదివి సంస్మరణ సభ పెడతారు. కానీ పోయినవాడి తల్లి పెద్దకర్మ చేయకపోతే కొడుక్కి కూడు దొరకదని ఏడుస్తుంటుంది. చర్చికి వెళ్లే అక్క ప్రార్థన పెట్టమంటుంది. అప్పుడు మన కార్యకర్తలు కొందరు, ఈ ఇంట్లో అసలు అంబేడ్కర్‌వాది ఎవరో తేల్చే పని మొదలుపెడతారు. మిగసాలకు చెప్పిన మాట వాళ్లకూ వర్తిస్తుంది. ప్రతిజ్ఞ తీసుకున్నవాడు పిండం పెట్టకుండా ఉండొచ్చు. ఆ తల్లి పక్కన కూర్చోకుండా ఉండమని ఏ ప్రతిజ్ఞలోనూ లేదు.